తెగాల్సిన దారం

పోయిన వారం ఈ దంపతులిద్దరినీ వానలో, మ్యూజియం గుమ్మం ముందు వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన గొడుగు మడవడం లేదు, ఆవిడ గడప దాటడం లేదు. లోపల ఏముందో ఇద్దరికీ తెలుసు. అందుకే ఈ తాత్సారం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆయనకు డ్రైవింగ్ స్కూలు ఉంది. ఊళ్లో సగంమందికి స్టీరింగ్ పట్టడం నేర్పినవాడు కాబట్టి అందరికీ మాస్టారే. ఆవిడ టైలరు, బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. పిల్లలు లేరు. ఇంట్లో మూడో మనిషి ఆవిడ తల్లి, చూపు మందగించిన ముసలావిడ. అత్తగారి కళ్లలో చుక్కల మందు వేస్తే తప్ప మాస్టారికి నిద్ర పట్టదు. సొంత కొడుకులు కూడా ఇంత చెయ్యరని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకుంటారు.

మాస్టారికి ఒక అన్న ఉండేవాడు. చిన్నప్పుడు ఆకాశంలోకి చూస్తూ నడిచి కరెంటు స్తంభాలకు గుద్దుకునేవాడు. వీధివాళ్లు నవ్వి ‘గగనం’ అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. గగనం పెద్దవాడై నిజంగానే రోదసి సంస్థలో చేరాడు. రోదసి నుంచి తిరిగొచ్చే మనుషులు కూర్చునే క్యాప్సూల్ ఒకటి తయారుచేశారు. దాన్ని విమానంలోంచి సముద్రం మీదికి వదిలి, పారాచూట్‌తో క్షేమంగా దిగుతుందో లేదో చూడాలి. అందులో కూర్చున్నవాడు గగనం. పారాచూట్ విచ్చుకోలేదు. విచారణ జరిపినవాళ్లు చివరికి తేల్చింది ఒక్కటే మాట: మనిషి భయపడ్డాడు, పిడి లాగలేదు.

చావు ఒక దెబ్బ, ఆ మాట ఇంకో దెబ్బ. చావు సంగతి కొన్నాళ్లకు జనం మర్చిపోయారు గాని మాటను మర్చిపోలేదు. తండ్రి వీధిలోకి రావడం మానేశాడు. పిరికివాళ్ల ఇల్లని పేరు పడ్డాక తమ్ముడికి పిల్ల దొరకడం కూడా గగనమైపోయింది. అలాంటి రోజుల్లో ఎక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చి, “నా కూతుర్నిస్తాను” అన్న మనిషి ఈ ముసలావిడే. ఎందుకిస్తున్నారని ఎవరూ అడగలేదు. మునిగిపోతున్నవాడు చెయ్యందించినవాళ్లను ఎందుకందించారని అడుగుతాడా? మాస్టారు ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ క్యాప్సూల్‌ను ఇన్నేళ్లకు ఈ రేవు ఊరి మ్యూజియంలో జనం చూడడానికి పెట్టారు. మాస్టారు చూసితీరాలన్నాడు. మనసు తేలికపడుతుంది, పనిలో పనిగా పాత కోట కూడా చూడొచ్చని భార్యకు సర్దిచెప్పాడు. అత్తగారు మాత్రం రానంది. ఆ ఊరి గాలి తనకు పడదంది. ఆవిడ ఆ ఊరి గాలి ఎప్పుడు పీల్చిందో కూతురికి తెలియదు.

ఊరు చూడడం పొద్దున్నే అయిపోయింది. అయిపోయిందనిపించారంటే సరిగ్గా ఉంటుంది. వాన ఒకటే ముసురు. కోటగోడ మీద నాచు, కాలు వేస్తే జారుతోంది. ఫిరంగి మూతిలో ఎవరో చిప్స్ ప్యాకెట్లు కుక్కారు. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన రేవులో ఇప్పుడు తుప్పుపట్టిన పడవ ఒకటి పక్కకు ఒరిగి ఉంది. సుంకం వసూలు చేసిన పాత కచేరీ గోడలు ఉప్పుగాలికి పెచ్చులూడి లోపలి ఇటుకలు బయటపడ్డాయి. లైట్‌హౌస్‌కు తాళం. ఆ పక్క సందులో మాత్రం పొడుగాటి షెడ్లు వరసగా కనిపించాయి. ఓడల తెరచాపలు ఇక్కడే కుట్టేవారని గోడమీద రాసి ఉంది. టైలరమ్మ అక్కడ కాసేపు ఆగింది. నాన్న పోయాక అమ్మ తనను పిన్ని దగ్గర దింపి, “రేవులో పని దొరికింది” అని వెళ్లి కొన్నేళ్లు తెరచాపలు కుట్టింది. ఏ రేవో ఎప్పుడూ చెప్పలేదు. రేవులు లోకంలో బోలెడున్నాయి కదా అనుకుని టైలరమ్మ ముందుకు నడిచింది.

అలా నడిచి నడిచి ఇదిగో, ఈ గుమ్మం. చివరికి వెనకనుంచి ఒక బడి తాలూకు పిల్లల గుంపు తోసుకుంటూ రావడంతో ఇద్దరూ లోపలికి వెళ్లక తప్పలేదు.

లోపల రాకెట్ల నమూనాలున్నాయి, చంద్రుడి మీది రాయి అని చెప్పబడే ఒక రాయి ఉంది, బరువు తూచుకుంటే ఏ గ్రహం మీద ఎంత ఉంటామో చెప్పే మిషన్ ఉంది. మామూలు రోజైతే టైలరమ్మ ఆ మిషన్ ఎక్కి, ఇక కాపురం చంద్రుడి మీదే పెడదామని మొగుణ్ణి ఏడిపించేది. ఇవాళ ఇద్దరిలో ఎవరూ దానివైపు చూడలేదు. హాలు చివర, దీపాలు తగ్గించిన గదిలో, అద్దాల వెనక, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది క్యాప్సూల్. ఇంత చిన్నదా అనిపించింది ఆమెకు. అందులో ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

క్యాప్సూల్ పక్కన ఇంకో అద్దాల పెట్టెలో పారాచూట్ సంచి. మందపాటి గుడ్డ, ఉప్పునీళ్లలో నాని ఎండి బిరుసెక్కింది. దాని మూతి ఇంకా కుట్టే ఉంది.

గైడు అమ్మాయి పిల్లలకు చెబుతోంది. సంచి మూతిని కచ్చా కుట్టుతో మూసేవారట, అదీ ఒంటిపోగుతో. కుట్టేదే తెగడానికి. లోపల కూర్చున్న మనిషి పిడి లాగితే దానికి కట్టిన తాడు సంచి మూతిని ఈడుస్తుంది, ఆ ఈడ్పుకు పోగు పుటుక్కున తెగుతుంది, పారాచూట్ బయటికొచ్చి విచ్చుకుంటుంది. ఈ ఊరి తెరచాపల షెడ్లలో పనిచేసిన ఆడవాళ్లే వీటిని కుట్టారట. ఆ తర్వాత ఆ అమ్మాయి రోజూ చెప్పే మాటే, రోజూ చెప్పే గొంతుతో చెప్పింది. చూడండి పిల్లలూ, పోగు తెగలేదు, అంటే పిడి లాగలేదన్నమాట, పాపం ఆయనకు భయమేసింది. ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు.

మాస్టారికి కోపం రావడం ఎవరూ చూసి ఎరగరు. నేర్చుకునేవాళ్లు కారు తీసుకెళ్లి గోడకు గుద్దినా “పర్లేదు, ఇప్పుడు రివర్స్ గేర్ వెయ్యండి” అనే మనిషి. ఇప్పుడూ గొంతు పెంచలేదు. పిల్లల మధ్యలోంచి దారి చేసుకుంటూ ముందుకు వెళ్లాడు.

“ఆ భయపడ్డ మనిషి మా అన్నయ్యమ్మా,” అన్నాడు.

గైడు అమ్మాయి మొహం పాలిపోయింది. పిల్లల్ని గబగబా పక్క గదిలోకి తోలింది, వెళ్లి మ్యూజియం అధికారిణిని పిలుచుకొచ్చింది. అధికారిణి మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించింది. మాస్టారు కూర్చోలేదు. అన్న పిడి లాగి ఉంటాడని, తనకు ఆ సంగతి తెలుసునని చెప్పాడు. ఎలా తెలుసని అధికారిణి అడిగింది. వాడు వెనక్కి తగ్గే రకం కాదు, వాడి సంగతి మాకు తెలీదా, అన్నాడు. లోకంలో ఏ తమ్ముడైనా చెప్పే మాటే. దానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదు.

అధికారిణి అద్దాల పక్కనున్న బోర్డు చూపించింది. కాగితం మీద అచ్చువేసి అంటించారు: చివరి క్షణంలో పిడి లాగలేకపోయారు. రేపు పొద్దున ఇదే మాట చెక్కిన ఇత్తడి పలక వస్తోందని, ఎల్లుండి పెద్దలొచ్చి తెర తీస్తారని చెప్పింది. కాగితం మీద ఉన్నంతసేపూ మార్చడం తన చేతిలో పనేనంది. సంచిలోనో, తాడులోనో, కుట్టులోనో ఏదైనా తేడా ఉన్నట్టు ఇవాళ ఎవరైనా చూపిస్తే పలక ఆపేసి మళ్లీ పరీక్షకు పంపిస్తానంది. ఇత్తడికెక్కాక ఇక తనవల్ల కాదంది.

కుట్టు అన్న మాట వినగానే మాస్టారు భార్యవైపు తిరిగాడు. ఆయన మొహంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఇన్నేళ్లూ పక్కనే ఉన్న దీపాన్ని ఇప్పుడే గుర్తుపట్టినట్టు, ఈవిడ టైలరండీ, సూది చూపు ఈవిడది, అని అధికారిణికి గర్వంగా పరిచయం చేశాడు. అధికారిణి పెట్టె తాళం తీసింది. ముట్టుకోవద్దు, దగ్గరగా చూడొచ్చు అంది.

“నువ్వు చూసి చెప్పు. ఏమైనా తేడా ఉందా?”

టైలరమ్మ వంగింది. ముందు గుడ్డ నేత చూసింది, తర్వాత కుట్టు చూసింది.

ఒంటిపోగు కాదది. పైకి ఒకటిలాగే ఉంది, గుడ్డ రంగులోనే కలిసిపోయింది. టైలరు కాని మనిషికి వెయ్యేళ్లు చూసినా తెలియదు. కాని ప్రతి కుట్టు దగ్గరా రెండు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని దిగుతున్నాయి. చివర ముడి ఎడమకు తిరిగి, తన కిందనుంచే దూరి, పైకొచ్చి ఆగింది. ఎడమచేత్తో కుట్టేవాళ్లు వేసే ముడి. అలా కిందనుంచి దూర్చే ముడి మాత్రం టైలరమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్కరి చేతిలోనే చూసింది. దిండు గలీబులకు, పరదాలకు, తన లంగాల అంచులకు, ఇంట్లో అమ్మ కుట్టిన ప్రతి గుడ్డకూ అదే ముడి. ఒంటిపోగూ ఒంటి మనిషీ గాలికి ఆగవే అనేది అమ్మ. ఒంటిపోగుతో బొత్తాం కుడితే కూడా పుటుక్కున తెంపేసి మళ్లీ కుట్టించేది.

ఆమె కళ్లు అక్కడితో ఆగినా బాగుండేది. కుట్టు పక్కన సూది దిగిన రంధ్రాలు చూసింది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు అన్నీ ఒకే వైపుకు సాగి ఉన్నాయి. గట్టిగా లాగితే, వదలకుండా మళ్లీ మళ్లీ లాగితే తప్ప అంత మందపాటి గుడ్డ అలా సాగదు. ఆయన లాగాడు. భయపడి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కిందికి పడుతున్నంతసేపూ ఆ ఇరుకులో కూర్చుని లాగుతూనే ఉన్నాడు. తెగాల్సిన దారం తెగలేదు.

ఒక్క మాట అంటే చాలు, బావగారి పేరు మీది మచ్చ పోతుంది. చచ్చిపోయిన మామగారికి శాంతి, బతికున్న మొగుడికి శాంతి. ఆ ఒక్క మాటే అంటే, ఇంట్లో ఇప్పుడు కిటికీ పక్కన మంచం మీద కూర్చుని వీళ్లకోసం ఎదురుచూస్తున్న చూపానని ముసలమ్మను ఈ మనిషి ఎదుట ఎలా నిలబెట్టాలి? ఏ చేతులు మా అన్నను బలిగొన్నాయో ఆ చేతులకా నేను రోజూ అన్నం కలిపి ఇచ్చింది అంటే ఏం చెప్పాలి? కక్కలేక మింగలేక అలాగే వంగి నిలబడింది. ఇంతసేపు చూస్తున్నావంటే ఏదో కనిపించిందన్నమాట అని వెనక మాస్టారు ఆశగా అన్నాడు.

ఆమె నడుం ఎత్తింది.

“కుట్టు బాగానే ఉంది,” అంది. “గట్టిగా ఉంది.”

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అదే ఆమెను కోసేసింది.

అధికారిణి నిట్టూర్చి పెట్టెకు తాళం వేసింది. ఆవిడ కూడా బాధపడ్డట్టే ఉంది. మాస్టారు మొహంలో వెలుగు పోయింది. అయినా భార్యను ఒక్క మాట అనలేదు. బయటికొచ్చి, మెట్ల మీద గొడుగు తెరుస్తూ, “పోన్లే, ఉన్నదే కదా చెప్పావు,” అన్నాడు. తిట్టినా, నాలుగు రోజులు మాటలు మానేసినా ఆమె భరించేది. నువ్వు కార్లో కూర్చో, టీ తెస్తాను, తడవకు అని తాళంచెవి చేతికిచ్చి రోడ్డు దాటాడు. ఆ నడకలో ఒక్క పూటలోనే వయసు కనిపించింది.

టైలరమ్మ కార్లో కూర్చుంది. అద్దాలన్నీ ఆవిరి పట్టి లోకం కనబడడం లేదు. తాళంచెవి తిప్పి ఇంజను ఆన్ చేసి, ఫ్యాను పెట్టింది. ఫోను తీసింది. పక్కింటావిడ తోడుగా ఉంటానంది కాబట్టి ఫోను ఆవిడ ఎత్తుతుందేమోననుకుంది. అమ్మే ఎత్తింది, అదీ మొదటి రింగుకే. ఫోను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నట్టుంది.

తల్లి గొంతు కారంతా మోగింది. ఈ కారు సంగతి అంతే. ఇంజను ఆన్ అయితే ఫోను దానంతటదే స్పీకర్లకు కలుస్తుంది. దాన్ని ఆపే మీట ఎక్కడుందో మాస్టారికే తెలుసు. టైలరమ్మ ఒకటి రెండు నొక్కి చూసింది, పాట వచ్చింది, పాట ఆపింది. తల్లి గొంతు మాత్రం ఆగలేదు. వాన గట్టిగా కొడుతోంది, చుట్టూ ఎవరూ లేరు, సరేలే అనుకుంది.

భోంచేశారా, అల్లుడు ఎలా ఉన్నాడని అడుగుతోంది ముసలావిడ. కూతురు మాటను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేసింది.

“అమ్మా, ఆ సంచి మూతి కుట్టింది నువ్వేనా?”

ఏ సంచి అని ముసలావిడ అడగలేదు. అడుగుతుందని, నాకేం తెలీదని కసురుతుందని, తను పొరబడ్డానని తేలుతుందని టైలరమ్మ ఎంత ఆశపడిందో.

“అది ఇంకా తెగలేదా?” అంది తల్లి.

ఆ తర్వాత చెప్పుకుంటూ పోయింది. గొంతులో ఏడుపు లేదు, ఎప్పుడో ఏడ్చేసినట్టుంది. ఒంటిపోగుతో కచ్చాగా వెయ్యమని పైవాళ్లు చెప్పారట. ఎందుకని చెప్పారో లేదో, చెప్పినా తన చెవికెక్కలేదో ఇప్పటికీ గుర్తు రాదట.

“దాని కింద మనిషి వేలాడతాడన్నారే. వాడెవరో, ఒక తల్లి కన్న బిడ్డే కదా. వాడి ప్రాణం తీసుకెళ్లి ఒంటిపోగు మీద పెడతానా? నాకు చేతులు రాలేదు. ఎవరూ చూడకుండా రెండు పోగులేశాను. మంచిపని చేశాననుకుని ఆ పూట సంతోషంగా అన్నం తిన్నానే.”

విచారణకు వచ్చినవాళ్లు అడగలేదా అంది కూతురు. అడిగారట. ఒంటిపోగేనా అని వరసగా ఆడవాళ్లందరినీ అడిగారట. ఒంటిపోగేనని చెప్పిందట. నిజం చెబితే జైల్లో వేస్తారు, పిన్ని దగ్గరున్న నువ్వు దిక్కులేనిదానివైపోతావని భయపడ్డానంది. ఆ తర్వాత ఆ కుర్రాణ్ణి పిరికివాడన్నారు. ఆ మాట విన్న రోజే పని మానేసి వచ్చేశానంది. భయపడింది నేను, పేరొచ్చింది వాడికి, అంది.

టైలరమ్మకు లోపలినుంచి ఇంకో ప్రశ్న లేచి వస్తోంది. అది అడక్కూడదని తెలుసు. అడిగాక మళ్లీ పాత ఇంటికి, పాత కాపురానికి వెళ్లలేరని తెలుసు. ఎక్కడెక్కడి సంబంధాలో కాదని, వెతుక్కుంటూ వెళ్లి మరీ ఆ గుమ్మం తొక్కిన తల్లి కళ్లముందు మెదిలింది. ఆ రోజు అమ్మ తన గడ్డం పట్టుకుని బతిమాలింది. నా మాట కాదనకే అంది. అమ్మ ఎందుకంత బతిమాలుతోందో తెలియక తను తలూపింది.

“మరి తెలిసి తెలిసి నన్ను ఆ ఇంటికెందుకిచ్చావమ్మా?”

“ఒక బిడ్డను లేకుండా చేశాను కదే వాళ్లకు,” అంది ముసలావిడ. “ఇంకేమివ్వను? నా దగ్గరున్నది నువ్వొక్కదానివే.”

టైలరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇన్నేళ్ల కాపురం, ఆయన నవ్వులు, ఆయన సాధింపులు, పిల్లలు లేరని ఇద్దరూ కలిసి ఏడ్చిన ఏడుపులు, వీటన్నిటికీ తను పెళ్లాన్ననుకుంది. తనను పరిహారంగా పంపారని ఇవాళ తెలిసింది. అమ్మ మీద జాలి, అమ్మ మీదే అసహ్యం, రెండూ ఒక్కసారే పొంగాయి. అటువైపు ముసలావిడ పిలుస్తోంది, అల్లుడికి చెప్పకే, ఆ పిల్లాడు తట్టుకోలేడు, నేను పోయాక చెప్పు, అంటోంది.

అప్పుడు పక్కన చల్లగాలి తగిలి తల తిప్పింది. డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉంది. ఎప్పుడు తెరిచాడో, ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. గొడుగు కింద పడి ఉంది. మాస్టారు రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో వానలో నిలువునా తడుస్తున్నాడు. కప్పుల్లోకి వాననీళ్లు పడి టీ పొర్లి వేళ్ల మీదుగా కారుతోంది.

ఆయన భార్యకేసి చూడలేదు. వంగి లోపలికి తల పెట్టి, స్పీకరు వైపు తిరిగి, రోజూ చుక్కల మందు వేసేముందు పిలిచే గొంతుతోనే పిలిచాడు.

“అత్తయ్యా, నేనూ వింటున్నానండి.”